కొంగ నోటి మాట నుంచి చొక్కా మీది బొమ్మ దాకా: గోదావరి డెల్టాలో సొంత హాస్య వెబ్‌కామిక్, టీషర్టులు చేయడం ఎలా

సొంతంగా ఒక హాస్య వెబ్‌కామిక్ (ఇంటర్నెట్‌లో వరుసగా వచ్చే బొమ్మల కథ) నడుపుతూ, అందులోంచి పుట్టిన బొమ్మలతో టీషర్టులు వేయించి అమ్మాలనుకునేవారు ముందుగా పని వరుసను ఖాయం చేసుకోవాలి. కామిక్ ముందు రావాలి, టీషర్టు తర్వాత రావాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఎక్కడో విన్న సరదా మాటను ఒక ఫాంటులో పేర్చి, చొక్కా మీద ముద్రించి అమ్మకానికి పెడతారు. ఆ మాట ఎవరి సొత్తూ కాదు గనుక వారం తిరక్కుండా అదే మాట పక్క ఊరి దుకాణంలోనూ వేలాడుతుంది. అదే మాటను మీరు పుట్టించిన పాత్ర, మీ గీతలో, పాఠకులకు అలవాటైన సందర్భంలో పలికితే అది మీదవుతుంది. ఎవరైనా ఎత్తుకుపోయినా, చూసినవారే అది ఎవరిదో చెబుతారు. అందుకే ఈ వ్యాసంలో ఒకే ఉదాహరణను తీసుకుని, మొదటి ఆలోచన దగ్గర నుంచి ఉతికి ఆరేసిన చొక్కా వరకు దాని వెంటే వెళ్దాం.

డెల్టాలో ఉండి ఈ పని చేసేవారికి మంచి వారసత్వం ఉంది. 1931లో ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ రాతా, 1933లో నరసాపురంలో పుట్టిన బాపు గీతా కలిసి తెలుగు హాస్యానికి ఒక ముఖం ఇచ్చాయి. వారిని అనుకరించవద్దు. బాపు గీతను అనుకరించిన బొమ్మ ఎంత బాగా వచ్చినా చూసేవారికి బాపే గుర్తొస్తారు గానీ మీరు గుర్తురారు. వారి నుంచి నేర్చుకోవలసినవి రెండున్నాయి. ఒకటి, అనవసరమైన గీత ఒక్కటి కూడా లేకపోవడం. రెండోది, అక్షరాన్ని కూడా బొమ్మలో భాగంగా చూడటం. బాపు చేతిరాత తర్వాతి కాలంలో కంప్యూటర్ ఫాంటుగా మారిందంటే, అక్షరం మీద ఆయన పెట్టిన శ్రద్ధే అందుకు కారణం.

మాటలు పోగుచేయడం

బొమ్మ వేయడానికి కూర్చునే ముందు కొన్ని వారాలు వినడానికే కేటాయించండి. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు (రేవు దాటించే పెద్ద పడవ) కోసం నిలబడిన జనం, రావులపాలెం అరటి మార్కెట్టులో గెలల దగ్గర బేరం, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్లు, పెళ్ళి భోజనాల్లో రెండో బంతి కోసం ఎదురుచూసేవారి కబుర్లు, ఇవన్నీ మీకు పనికొచ్చే చోట్లు. విన్న మాటను విన్నట్టుగానే, యాసతో సహా రాసుకోండి. "వెళ్తున్నారా" అని శుభ్రం చేసి రాసుకుంటే ఇంటికొచ్చాక ఆ మాటలో నవ్వు ఎక్కడుందో మీకే దొరకదు. ఎవరి సంభాషణనూ అడగకుండా రికార్డు చేయవద్దు. మాట తీరును తీసుకోండి గానీ మనిషి పేరునూ, ఆయన ఇంటి సంగతినీ తీసుకోవద్దు.

ఈ ప్రాంతపు వెటకారానికి ఒక పద్ధతి ఉంది. అందులో మర్యాద ఎక్కడా తగ్గదు. కోపం పెరిగేకొద్దీ "అండి" పెరుగుతుంది, ఎదుటివాడిని ఎత్తిపొడిచే చోట "తమరు" వస్తుంది, ఒప్పుకోని విషయానికి కూడా ముందు "ఆయ్" అని తల ఊపి ఆ తర్వాత మొదలుపెడతారు. మీ పాత్రలు అరుచుకుంటూ, తిట్టుకుంటూ నవ్వించాలని చూస్తే అది ఏ ఊరి హాస్యమైనా కావచ్చు. మర్యాదగా మాట్లాడుతూనే ఒకరి గుట్టు ఒకరు బయటపెడితేనే అది గోదావరి హాస్యమవుతుంది. ఈ తేడా మీ చెవికి పట్టుబడే దాకా పెన్ను పట్టకపోయినా నష్టం లేదు.

ఒక హద్దును మొదటి రోజే గీసుకోండి. కులాన్ని, శరీరపు రంగును, లావును, నత్తిని, పేదరికాన్ని నవ్వుకు ముడిసరుకుగా వాడవద్దు. మన దగ్గర ఇంటిపేరు చెబితే చాలు, కులం లెక్క మొదలవుతుంది గనుక పాత్రలకు ఇంటిపేర్లు పెట్టకపోవడమే మంచిది. జంతువులనూ పక్షులనూ పాత్రలుగా తీసుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. పైగా వాటిని చొక్కా మీద వేయడం కూడా తేలిక.

పాత్రను తయారుచేయడం

మన ఉదాహరణకు ఒక తెల్లకొంగను తీసుకుందాం. డెల్టాలో కొంగ కనిపించని రోజు ఉండదు. దమ్ము చేస్తున్న ట్రాక్టరు వెనక మడిలో, రొయ్యల చెరువు గట్టున, కాలవ ఒడ్డున అది ఎప్పుడూ ఎవరికోసమో నిలబడినట్టే ఉంటుంది. ఆ ఓపికా, ఆ అమాయకపు ముఖమూ దొంగతనానికి వచ్చినవాడి లక్షణాలే. అంటే పక్షి స్వభావంలోనే పాత్ర ఉంది, మీరు కొత్తగా తగిలించవలసింది మర్యాదైన మాట ఒక్కటే.

వేయడానికి ముందు నిజమైన కొంగను గమనించండి. మెడ నిలువుగా ఉండదు. మధ్యలో ఒక మడత ఉంటుంది, చేపను మింగినప్పుడు ఆ మడత సాగి గొంతు దగ్గర ఉబ్బు కనిపిస్తుంది. కాలు మన మోకాలికి ఎదురుదిక్కున వంగినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అక్కడ వంగేది దాని మడమ. ఈ రెండు సంగతులు సరిగ్గా పడితే మిగిలినదంతా ఎంత తగ్గించినా అది కొంగలాగే ఉంటుంది. ఒక పేజీ నిండా దాన్ని పది కోణాల్లో వేయండి: నిలబడినట్టు, నడుస్తున్నట్టు, వెనుదిరిగినట్టు, ఒంటికాలి మీద కునుకు తీస్తున్నట్టు. ఆ తర్వాత బాల్‌పెన్నుతో అంగుళం ఎత్తులో వేసి చూడండి. ఆ చిన్న బొమ్మలో కూడా పాత్ర గుర్తుపట్టేలా ఉంటే దాన్ని ఉంచుకోండి, లేకపోతే గీతలు తగ్గించండి. ఫోను తెరమీద పాఠకుడు చూడబోయేది దాదాపు ఆ పరిమాణంలోనే.

కొంగకు ఎదురుగా రెండో పాత్ర కావాలి. చెరువు కాపలా మనిషిని తీసుకుందాం. లుంగీ, తలకు తువ్వాలు, చేతిలో టార్చిలైటు ఉంటే చాలు. ఇద్దరితో మొదలుపెట్టి, పాఠకులకు వారు అలవాటయ్యాకే మూడో పాత్రను తీసుకురండి.

స్ట్రిప్ రాయడం

నాలుగు ప్యానెళ్ళ స్ట్రిప్, అంటే పక్కపక్కనే నాలుగు గడుల్లో ముగిసే చిన్న బొమ్మల కథ, కొత్తవారికి అన్నివిధాలా అనుకూలమైనది. మన కొంగ స్ట్రిప్ మొదటి చిత్తుప్రతి ఇలా ఉందనుకుందాం. మొదటి ప్యానెల్‌లో కాపలా మనిషి గట్టు మీద కొంగను చూస్తాడు: "ఏవండీ కొంగగారూ, ఇలా వచ్చారేంటండీ?" రెండో ప్యానెల్‌లో కొంగ: "ఆయ్, ఊరికే గాలికొచ్చానండి." మూడో దానిలో కాపలా మనిషి: "తమరు గాలికి రావడం మొదలెట్టాక చెరువులో రొయ్య తగ్గిపోతందండి." నాలుగో దానిలో గొంతు ఉబ్బిన కొంగ: "నేను తినలేదండి. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోతే రొయ్యలు చచ్చిపోతాయంట గదండీ, అదే అయ్యుంటదండి."

చివరి ప్యానెల్ పాడవడానికి కారణం కొంగ సంజాయిషీ ఇచ్చుకోవడమే. "నేను తినలేదండి" అనగానే నేరం ఒప్పుకున్నట్టయింది, ఉబ్బిన గొంతు చూసి పాఠకుడు తనంతట తాను నవ్వుకునే అవకాశం పోయింది. దాన్ని ఇలా మార్చండి: "చెరువుకి గాలి చాలట్లేదేమోనండి. ఇంకో ఏరేటర్ ఏయించండి." ఇప్పుడు కొంగ తప్పు ఒప్పుకోలేదు సరికదా, ఎదుటివాడికి సలహా చెబుతోంది. దొంగే యజమానికి జాగ్రత్తలు చెప్పడంలో ఉన్న నవ్వు సంజాయిషీలో లేదు.

అయితే ఏరేటర్ అంటే చెరువు నీళ్ళలో గాలి కలిపే యంత్రమని రొయ్యల సాగు తెలియని పాఠకుడికి అర్థం కావాలి కదా. అందుకు వివరణ రాయనక్కర్లేదు. మొదటి ప్యానెల్‌లోనే, కొంగ వెనక, చెరువులో నీళ్ళు చిమ్ముతున్న ఏరేటర్ చక్రాన్ని వేయండి. మొదటిసారి చదివేటప్పుడు అది దృశ్యంలో ఒక వస్తువు మాత్రమే. చివరి మాట దగ్గరకు వచ్చాక దాని పని బయటపడుతుంది. నవ్వుకు అవసరమైన సమాచారాన్ని చివర్లో మాటలతో చెప్పకుండా, ముందే బొమ్మలో దాచి ఉంచడం ఈ కళలో అన్నిటికన్నా ముఖ్యమైన పనితనమని నా నమ్మకం. ఏ స్ట్రిప్ రాసినా "చివరి ప్యానెల్‌కు కావలసినది మొదటి ప్యానెల్‌లో ఉందా?" అని చూసుకోండి.

తెలుగు మాటలు పొడవైనవి. సంధులూ ప్రత్యయాలూ కలిసి ఒక్క పదమే బెలూన్ (పాత్ర మాట రాసే బుడగ) వెడల్పును మించిపోతుంది, దాన్ని విరిచి రాస్తే చదివేవారు తడబడతారు. అందువల్ల ముందు అక్షరాలు రాసి, వాటి చుట్టూ బెలూన్ గీసి, మిగిలిన చోటులో పాత్రలను వేయండి. ముందుగా మాట్లాడేవారు ఎడమవైపు, పైన ఉండాలి. ఒక ప్యానెల్‌లో పది పన్నెండు పదాలకు మించితే సగం తీసేయవచ్చని అర్థం.

గీయడం, అక్షరాలు పేర్చడం

పనిముట్ల గురించి ఎక్కువ ఆలోచించవద్దు. మందంగా ఉన్న ఎ4 కాగితం, పెన్సిలు, సన్నని గీతకు ఒకటీ మందపు గీతకు ఒకటీ నీళ్ళకు చెదరని నల్ల పెన్నులు ఉంటే పని మొదలవుతుంది. గీసిన పేజీని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేయించండి, నల్లగీత అంచులు శుభ్రంగా వస్తాయి. నేరుగా కంప్యూటర్‌లో వేసేవారికి క్రిటా, ఇంక్‌స్కేప్ ఉచితంగా దొరుకుతాయి, ఫోనులో వేసేవారికి ఐబిస్ పెయింట్ సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం మొదటి స్ట్రిప్ నుంచే తీసుకోండి. పాత్రను, వెనకటి దృశ్యాన్ని, అక్షరాలను వేర్వేరు లేయర్లలో (ఒకదాని మీద ఒకటి పరిచే పొరల్లో) ఉంచి, అసలు ఫైలును పెద్ద పరిమాణంలో భద్రపరచండి. ఇన్‌స్టాగ్రామ్‌కు 1080 పిక్సెళ్ళ వెడల్పు, 1350 పిక్సెళ్ళ ఎత్తు సరిపోతుంది. కానీ అంత చిన్న బొమ్మను తర్వాత చొక్కా మీదకు సాగదీస్తే గీతలన్నీ మెట్లు మెట్లుగా వస్తాయి. చొక్కా ఛాతీ మీద 11 అంగుళాల వెడల్పు బొమ్మ ముద్రించాలంటే, 300 డీపీఐ చొప్పున 3300 పిక్సెళ్ళు కావాలి. పెద్దదిగా వేసి చిన్నదిగా ఎగుమతి చేసుకోవడమే దీనికి మార్గం.

అక్షరాలను చేత్తో రాయగలిగితే అంతకు మించినది లేదు. రాయలేనివారు స్వేచ్ఛగా వాడుకునే యూనికోడ్ ఫాంట్లను ఎంచుకోవాలి. సిలికానాంధ్ర విడుదల చేసిన పొన్నాల, మల్లన్న, ధూర్జటి, గిడుగు, రవిప్రకాశ్, లక్కిరెడ్డి, తెనాలి రామకృష్ణ వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వాటి ఓపెన్ ఫాంట్ లైసెన్సు ప్రకారం టీషర్టుల వంటి వ్యాపారపు పనికీ వాడుకోవచ్చు, ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు. బెలూన్లలో చేతిరాతను పోలిన లక్కిరెడ్డి బాగుంటుంది. పేరుకో శీర్షికకో రవిప్రకాశ్ వంటి బొద్దు అక్షరం నప్పుతుంది.

ప్రచురించడం

మొదటి స్ట్రిప్ పూర్తయిన రోజునే పెట్టేయాలన్న ఆత్రం సహజమే గానీ, కనీసం పన్నెండు స్ట్రిప్పులు చేతిలో ఉంచుకుని మొదలుపెట్టండి. వారానికి ఒకటి చొప్పున మూడు నెలలు ఆగకుండా వస్తాయి, ఆలోగా మీరు తర్వాతివి వేసుకుంటారు. రోజూ పెట్టి నెలలో ఆపేసేదానికన్నా, వారం వారం ఒకే రోజున వచ్చే కామిక్‌కు పాఠకులు నిలుస్తారు.

మీ సొంత వెబ్‌సైటులో అన్నిటినీ వరుసగా ఉంచి, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వాట్సాప్ ఛానెల్‌లోనూ పంచండి. మన ఊళ్ళలో బొమ్మ తిరిగేది ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లోనే, అక్కడ కింద రాసిన వివరమంతా రాలిపోయి బొమ్మ ఒక్కటే మిగులుతుంది. అందుకని మీ సంతకమూ, సైటు చిరునామా కూడా చివరి ప్యానెల్ లోపలే, కత్తిరించడానికి వీల్లేని చోట ఉండాలి.

కాలాన్ని బట్టి స్ట్రిప్పులు సిద్ధం చేసుకోండి. సంక్రాంతికి కోనసీమ ప్రభల తీర్థాలు, ఎండాకాలానికి మామిడికాయ పచ్చళ్ళు, ఎర్రనీరు వచ్చే రోజుల్లో పులస ధరలు ఎప్పుడూ పనికొస్తాయి. వరద విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 వద్ద రెండోది, 17.75 వద్ద మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరికప్పుడు గట్టు మీదకు వరద చూడటానికి వెళ్ళే జనం మీద స్ట్రిప్ వేయవచ్చు. రెండోది దాటాక లంక గ్రామాల వాళ్ళు సామాన్లు సర్దుకుంటూ ఉంటారు, ఆ వారానికి సిద్ధం చేసిన వరద స్ట్రిప్‌ను పక్కన పెట్టి వేరేది వేయండి.

ఏ మాట చొక్కా అవుతుంది

కొన్ని నెలలు గడిచాక పాఠకులు మీ మాటలను తమ మాటలుగా వాడటం కనిపిస్తుంది. ఎవరో తమ ఫొటో కింద "ఊరికే గాలికొచ్చానండి" అని రాసుకుంటారు. చొక్కాకు పనికొచ్చే మాటను వారే ఎంచి పెట్టినట్టు. మీకు ఎంతో ఇష్టమైన స్ట్రిప్ అయినా సరే, అందులోని మాటను ఎవరూ తిరిగి పలకకపోతే అది చొక్కాకు రాదు.

చొక్కా మీది మాటను కామిక్‌లోని మాటతో సమానంగా చూడకూడదు. చొక్కా మీద మాట్లాడేది కొంగ కాదు, తొడుక్కున్న మనిషి. "చెరువుకి గాలి చాలట్లేదేమోనండి" అన్నది స్ట్రిప్‌లో అన్నిటికన్నా మంచి మాటే, కానీ స్ట్రిప్ చూడనివారికి చొక్కా మీద దానికి అర్థమే ఉండదు. "తమరు గాలికి రావడం మొదలెట్టాక" అన్నది తొడుక్కున్నవారు ఎదురొచ్చిన ప్రతివారినీ నిలదీసినట్టు ఉంటుంది. "ఆయ్, ఊరికే గాలికొచ్చానండి" మాత్రం సాయంత్రం గోదావరి గట్టు మీద తిరిగే ఎవరికైనా సరిపోతుంది. గొంతు ఉబ్బిన కొంగ పక్కన ఉంటే, కథ తెలియనివారు కూడా ఏదో తిని వచ్చి అమాయకత్వం నటిస్తోందని గ్రహిస్తారు. కథ తెలిసినవారికి ఇంకో నవ్వు అదనం.

డిజైన్ పూర్తయ్యాక అసలు కొలతలో కాగితం మీద ముద్రించి, చొక్కాకు పిన్ను పెట్టి, మిత్రుడికి తొడిగి నాలుగడుగుల దూరం నుంచి ఒకసారి, రోడ్డుకు అవతలి వైపు నుంచి ఒకసారి చూడండి. దగ్గర నుంచి మాట చదవడానికి రావాలి, దూరం నుంచి కొంగ ఆకారం గుర్తుపట్టడానికి రావాలి. తెలుగు అక్షరాలకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. వత్తులు సన్నగా, చిన్నగా ఉంటాయి. గుడ్డ మీద సిరా కాస్త పాకి, "చ్చా" వంటి చోట్ల వత్తు లోపలి ఖాళీ మూసుకుపోతుంది. అందుకే వత్తులను కొంచెం పెద్దవి చేసి, లోపలి ఖాళీలను తెరచి, అక్షరాల మధ్య ఎడం పెంచండి.

రంగులను తగ్గించే ఉపాయం కూడా ముందే ఆలోచించాలి. తెల్లకొంగను ముదురు ఆకుపచ్చ చొక్కా మీద వేస్తే తెల్ల సిరా ఒక్కటే చాలు, కన్ను, రెక్క గీతలు, ముక్కు అంచు అన్నీ సిరా పడని చోట చొక్కా రంగులోనే కనిపిస్తాయి. స్క్రీన్ ప్రింటింగ్‌లో (సన్నని జాలీ తెర గుండా సిరాను గుడ్డ మీదకు నొక్కే పద్ధతిలో) ప్రతి రంగుకూ విడిగా స్క్రీన్ తయారుచేయాలి గనుక, ఒక్క రంగు డిజైన్ అంటే ఖర్చు తగ్గడమే కాకుండా రంగులు ఒకదాని మీద ఒకటి జరిగిపోయే బెడద కూడా లేకపోవడం.

ముద్రణ

మన పట్టణాల్లోని డీటీపీ దుకాణాల్లో ఇప్పటికీ యూనికోడ్‌కు పొసగని పాత తరం అను ఫాంట్లతోనే ఎక్కువగా పని జరుగుతుంది. మీరు యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలును అక్కడ తెరిస్తే వత్తులు విడిపోయి, గుడులు పక్కకు జరిగి కనిపించే ప్రమాదం ఉంది. దీనికి పరిష్కారం తేలిక. అక్షరాలను ఇంక్‌స్కేప్‌లో పాత్‌లుగా (గీసిన ఆకారాలుగా) మార్చి, దుకాణదారుల భాషలో "కర్వ్స్ చేసి", పీడీఎఫ్ ఇవ్వండి. దానితోపాటు వెనక రంగు లేని పీఎన్‌జీ ఒకటి కూడా ఉంచుకోండి. ముద్రణకు ముందు తెరమీద ప్రతి అక్షరాన్నీ మీరే చదివి సరిచూడాలి.

ముద్రణ పద్ధతుల్లో స్క్రీన్ ప్రింటింగ్ ఎక్కువ చొక్కాలకు, తక్కువ రంగులకు తగినది. డీటీఎఫ్‌లో బొమ్మను ఫిల్ము మీద ముద్రించి, జిగురు పొడి చల్లి, హీట్ ప్రెస్‌తో గుడ్డకు అతికిస్తారు. రంగులెన్నైనా ఒక్క చొక్కా కూడా వేయించుకోవచ్చు గనుక నమూనాలకూ చిన్న ఆర్డర్లకూ ఇది అనుకూలం. డీటీజీ సిరాను నేరుగా నూలు గుడ్డ మీద చిమ్ముతుంది, చేతికి మెత్తగా ఉంటుంది. సబ్లిమేషన్ పాలిస్టర్ గుడ్డ మీద, అదీ లేత రంగుల మీదే పనిచేస్తుంది కాబట్టి మన పనికి దాన్ని వదిలేయవచ్చు.

డెల్టాలో గాలిలో తేమ ఎక్కువ, ఏడాదిలో చాలా నెలలు చెమట తప్పదు. ఛాతీ మీద పెద్ద దిమ్మలా రంగు పరిస్తే, అది రబ్బర్ ప్రింట్ అయినా డీటీఎఫ్ అయినా, ఆ మేరకు గుడ్డకు గాలి ఆడదు. కొంగ ఒంటిని నిండు తెలుపుతో నింపకుండా ఈకల గీతలతో, చుక్కలతో సూచిస్తే చొక్కా తేలికగా ఉంటుంది, బొమ్మా అందగిస్తుంది. గుడ్డ విషయంలో నూరు శాతం నూలు, 180 జీఎస్ఎం (చదరపు మీటరుకు 180 గ్రాముల బరువు), బయోవాష్ చేసినది (ఎంజైములతో ఉతికి నునుపు చేసినది) అడగండి. అంతకన్నా బరువైనది మన ఎండలకు ఉక్కపోస్తుంది, మరీ పలచనిది రెండు మూడు ఉతుకులకే వంకర తిరుగుతుంది. ఇటువంటి అల్లిక చొక్కాలకు తమిళనాడులోని తిరుప్పూర్ ప్రధాన కేంద్రం. ముద్రణ లేని చొక్కాలను అక్కడి నుంచి టోకున తెప్పించుకోవచ్చు, లేదా ముద్రించే దుకాణం ద్వారానే తీసుకోవచ్చు.

స్క్రీన్ ప్రింటింగ్‌లో వాడే ప్లాస్టిసోల్ అనే ప్లాస్టిక్ ఆధారిత సిరా గట్టిపడాలంటే సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వేడి సిరా పొర అడుగు దాకా అందాలి. పైన ఆరినట్టు కనిపించి లోపల పచ్చిగా ఉంటే ఉతుకులో బీటలు వారుతుంది. నీటి ఆధారిత సిరాలైతే వర్షాకాలపు తేమలో ఆరడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి, అందుకని జూలై, ఆగస్టుల్లో ముద్రణకు ఇస్తే గడువు పెంచి ఇవ్వండి, దుకాణాన్ని తొందరపెట్టవద్దు. మొత్తం ఆర్డరుకు ముందు ఒక నమూనా చొక్కా వేయించి, ఇంట్లో మామూలుగా ఉతికినట్టే అయిదారుసార్లు ఉతికి, ఎండలో ఆరేసి, ముద్రణ మీద గుడ్డను రెండు చేతులతో సాగదీసి చూడండి. సిరా చీలకపోతేనే మిగతావాటికి ఒప్పుకోండి. ఉతకకముందూ తర్వాతా పొడవు, ఛాతీ కొలిచి ఎంత ముడుచుకుందో రాసుకోండి, సైజుల పట్టికలో ఉతికాక వచ్చిన కొలతలే ఇవ్వాలి.

హక్కులు, లెక్కలు, అమ్మకం

సినిమా డైలాగులు, కథానాయకుల ముఖాలు, పాటల పల్లవులు, ఇతరుల కార్టూన్లు మీ చొక్కాల మీదకు రానీయవద్దు. అందరూ వేస్తున్నారన్నది చట్టం ముందు నిలవదు, అంతకన్నా ముఖ్యంగా అది మీ పని కాదు. మీ బొమ్మకు 1957 నాటి కాపీరైట్ చట్టం కింద గీసిన క్షణం నుంచే రక్షణ ఉంటుంది, అది మీ జీవితకాలమూ ఆ తర్వాత 60 ఏళ్ళూ ఉంటుంది. నమోదు తప్పనిసరి కాదు గానీ తగాదా వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. తేదీలున్న చిత్తుబొమ్మలను పారేయకండి. ఒక డిజైన్‌ను వస్తువుల మీద యాభైకి మించి ముద్రించే సందర్భంలో, 2000 నాటి డిజైన్ల చట్టంతో ముడిపడిన నియమం ఒకటి కాపీరైట్ చట్టం 15వ సెక్షన్‌లో ఉంది. అమ్మకాలు పెరిగే సూచన కనిపిస్తే దీని గురించి న్యాయవాదిని ముందే అడగండి. కామిక్ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయదలిస్తే దుస్తులకు 25వ తరగతి వర్తిస్తుంది.

జీఎస్టీలో కొత్తవారు గమనించని సంగతి ఒకటుంది. సొంత రాష్ట్రంలోనే సరుకు అమ్మినంత కాలం టర్నోవర్ పరిమితి దాటేవరకు నమోదు అవసరం లేకపోయినా, సాధారణంగా రాష్ట్రం దాటి అమ్మితే టర్నోవర్‌తో నిమిత్తం లేకుండా నమోదు కావాలి. హైదరాబాదులోని మన ఊరివాళ్ళే మీ మొదటి కొనుగోలుదారులయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి, అమ్మకం తెరిచే ముందే లెక్కలు చూసే ఆడిటర్‌ను కలవండి.

ధర నిర్ణయించేటప్పుడు చొక్కా, ముద్రణ, కవరు, తపాలా ఖర్చులతో ఆగవద్దు. పాడైపోయేవి, సైజు మార్చమని తిరిగొచ్చేవి, మీ గీతకు పట్టిన సమయం కూడా అందులో ఉండాలి. లెక్క పద్ధతి చూపడానికి ఊహా అంకెలు తీసుకుందాం. చొక్కా 190 రూపాయలు, ముద్రణ 50, కవరు 10, తపాలా 60 అయితే 310 అవుతుంది. పదింటిలో ఒకటి నష్టమవుతుందనుకుని మరో 31 కలిపితే 341. దీన్ని 399కి అమ్మితే మిగిలే 58 రూపాయల్లోనే పన్నూ, చెల్లింపు రుసుమూ, మీ శ్రమా ఇమడాలి, అవి ఇమడవు. స్నేహితులు ఖరీదెక్కువంటారని భయపడి ధర తగ్గించినవారు రెండో డిజైన్ దాకా రాలేరు.

మొదటి విడతకు ముందస్తు ఆర్డర్లు తీసుకోవడమే క్షేమం. పది రోజులు గడువిచ్చి, సైజులవారీగా డబ్బు తీసుకుని, వచ్చిన లెక్కకు ప్రతి సైజులో ఒకటి రెండు అదనంగా కలిపి ముద్రణకు ఇవ్వండి. మిగిలిపోయిన సరుకు మన వాతావరణంలో ఇంట్లో ఉంచితే బూజు పడుతుంది. ఉంచక తప్పనప్పుడు పూర్తిగా ఆరినవాటినే మూతపెట్టే డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, గోడకు ఆనించకుండా బల్ల మీద పెట్టండి.

పార్సిల్‌లో చొక్కాతోపాటు కొంగ స్ట్రిప్‌ను పోస్టుకార్డు మీద ముద్రించి పెట్టండి. చొక్కా చూసి కొన్నవారికి కామిక్ సంగతి దాని ద్వారానే తెలుస్తుంది. ఆ పోస్టుకార్డు వెనుక, చొక్కాను లోపలి వైపు బయటకు తిప్పి ఉతకమనీ, బొమ్మ మీద నేరుగా ఇస్త్రీ చేయవద్దనీ రాయండి. స్క్రీన్ తయారుచేయడానికి వాడిన మీ డిజైన్ ఫిల్మును ముద్రణ దుకాణం నుంచి అడిగి తెచ్చుకుని, కాగితాల మధ్య చదునుగా భద్రపరచండి. రెండో విడత ఆర్డర్లు వచ్చినప్పుడు మళ్ళీ ఫిల్ము ఖర్చు పడకుండా, అదే కొలతలో, అదే చోట కొంగ ముద్రణకు వస్తుంది.